చావని ఇంజను

“ముక్కలు చేసేయ్. నా మూలంగా గాలి పాడవకూడదు,” అన్నాడు డాక్టరు, పాత కారు తాళాలు మేస్త్రి చేతిలో పెడుతూ. గేటు దగ్గర ఆయన కొత్త కారు ఏనుగంత ఉంది.

పాత బండ్లు కోసే ఆ షెడ్డుకి ఇలాంటి పుణ్యాత్ములు రోజుకొకరు వస్తారు. మేస్త్రి కారు నంబరు చెక్కిన ఇనప ముక్క కోసి చేతికిచ్చాడు.

“ఆఫీసులో ఇది చూపిస్తే మీ బండి చచ్చినట్టు రాసిస్తారు.”

మూలనున్న జనరేటరు భళ్ళున నల్లటి పొగ కక్కింది. డాక్టరు రుమాలుతో ముక్కు మూసుకున్నాడు.

“ఎవరిదయ్యా ఆ దరిద్రం?”

“మీదే సార్. మూడేళ్ల కిందట మీరిచ్చిన కారు ఇంజనే. గట్టి పిండం. మీ దగ్గరున్నప్పుడు ఏడాదికోసారి పొగ తనిఖీ అయినా ఉండేది. ఇప్పుడు దాన్ని అడిగే నాథుడు లేడు.”

డాక్టరు చేతిలోని ముక్క వంక చూసుకున్నాడు.

“మరి ఈ ఇంజను?”

“పక్క షెడ్డువాళ్లు వాళ్ల జనరేటరుకని ముందే చెప్పిపెట్టుకున్నారు.”

“ముందు ఆ పొగ ఆపవయ్యా.”

“ఆపితే మీ కారు కోసేదెలా సార్? మా కోత మిషను నడిచేది దాని మీదే,” అన్నాడు మేస్త్రి. “కాస్త పక్కకి జరగండి, కొత్త చొక్కాకి మసి అంటుతుంది.”