ఎక్కనీ

ఆ ఏడు ఎండల్లో అడవంతా గోమార్లే. లేళ్ల చెవుల్లో, తొడల సందుల్లో గుత్తులుగా పట్టి రక్తం పీల్చేవి. వాటి బెడద పోవాలని మనుషులు ఒక లేడిని పట్టి, టీకా వేసి వదిలేశారు.

తిరిగొచ్చిన లేడికి మంద పెద్ద అయిన దుప్పి కొమ్ములు అడ్డం పెట్టింది. "నీకు మనిషి వాసన అంటింది. వాన పడి అది పోయేదాకా మందలోకి రాకూడదు. నీ కూన మా దగ్గరే ఉంటుంది."

లేడి వాగు అవతల ఒంటరిగా మేసింది. దాని వీపు మీద వాలే గోరింక వారం తిరక్కముందే ఒక వింత చూసింది. "అక్కా, నీ రక్తం తాగిన ప్రతి గోమారీ చచ్చి రాలిపోతోంది."

లేడి మంద దగ్గరికి పరుగెత్తింది. "పెద్దయ్యా, మనుషులు ఇంకా వాగు దగ్గరే ఉన్నారు. కూనను పంపు, దానికీ టీకా వేయిస్తాను."

"ముందు వాన పడనీ," అంది దుప్పి.

నెల తర్వాత వాన పడింది. దుప్పి లేడిని వాసన చూసి, తల దించుకుని దారిచ్చింది. కూన తడి గడ్డిలో చల్లబడి పడి ఉంది.

దాన్ని వదిలేసిన గోమార్లు వేడి వెతుక్కుంటూ తల్లి కాళ్ల వైపు పాకుతున్నాయి. గోరింక వాటిని ఏరబోయింది.

"వద్దమ్మా," అంది లేడి, కాలు కదపకుండా. "ఎక్కనీ."