స్పీకరు పక్క గది

పెద్దాయన తెచ్చిన ఫిర్యాదు ఈసారి కూడా నాలుగు పేజీలే.

దాన్ని చూడగానే ట్రావెల్స్ ఆఫీసు అమ్మాయి లోపల్లోపల పళ్లు కొరుక్కుంది. ఓడలో చల్లారిన కాఫీ ఇస్తే ఆమేం చేస్తుంది? లిఫ్టు ఆగితే ఆమేం చేస్తుంది? ఆమె అమ్మేది టికెట్లు. అయినా ఏడేళ్లుగా ఇదే తంతు. ఈ ముక్కోపి ఏటా వారం రోజుల క్రూయిజ్‌కి వెళ్తాడు, దిగి వచ్చి ఈ బల్ల మీద చెయ్యి చరుస్తాడు, మళ్లీ అదే ఓడకి టికెట్లు కొంటాడు. ఆఫీసులో ఆయన పేరే నాలుగు పేజీల పెద్దాయన.

ఇక ఆ ఓడ టికెట్లు ఈయనకి అమ్మకూడదని ఆమె గట్టిగా అనుకుంది. పోయినేడు ఆయన కేకలు విని మేనేజరు వచ్చి, ఆయన ఎదుటే ఆమెకి చీవాట్లు పెట్టాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

తళతళలాడే కొత్త పుస్తకం తీసి బల్ల మీద పరిచింది.

"ఈ కంపెనీ చూడండి సార్. ఖరీదు ఎక్కువే. కానీ మీరు రాసినవేవీ ఇక్కడుండవు. మూడు వేలమంది కాదు, నాలుగొందల మందే. క్యూలుండవు. ప్రతి గదికీ బాల్కనీ."

"ఇదే తియ్యమ్మా," అంది పక్కన కూర్చున్న ఆయన భార్య. "ఈ ఏడు ఇదే."

పెద్దాయన పుస్తకం వైపు చూడనైనా లేదు. "నువ్వూరుకో."

"ఏడేళ్లు ఊరుకున్నాను." ఆవిడ మాట మెల్లగానే ఉంది గాని, చేతులు సంచి కాడల్ని మెలితిప్పేస్తున్నాయి. "ఏడుసార్లు ఎక్కాను ఆ ఓడ. ఒక్క ఆట చూసింది లేదు, ఒక్క పాట విన్నది లేదు. సాయంత్రమైతే అందరూ హాల్లో, మేం గదిలో. ఈయన నన్ను హాల్లో అడుగు పెట్టనివ్వరు. ఎక్కితే మనుషుల్లా ఎక్కాలి. దొంగల్లా తలుపు వెనక కూర్చోడానికి అంత దూరం పోవాలా?"

ఆయన మొహం కందగడ్డలా అయింది.

అమ్మాయికి ఆవిడ మీద జాలేసింది. ఆయన మీద ఒళ్లు మండింది. ఉత్త పిసినారి. లేకపోతే ఏటా ఆ గదేమిటి? ఆరో అంతస్తులో చిట్టచివరిది. కిటికీ లేదు. తలుపు తీస్తే నెత్తి మీదే లౌడ్‌స్పీకరు. పొద్దున్నే ఎనిమిదింటికి మొదలుపెట్టి ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. ఇవాళ ఎండ బాగుంటుంది, మధ్యాహ్నానికి రేవు వస్తుంది, ఈతకొలను దగ్గర పోటీలున్నాయి. ఆ గది ఇస్తే మిగతావాళ్లు ముందు ఆ స్పీకరునే తిడుతూ రాస్తారు. ఈయన అడిగి మరీ తీసుకుంటాడు. నాలుగు పేజీల్లో దాని ఊసే ఉండదు. ఎప్పుడో గుర్తొచ్చి అయిదో పేజీ కూడా తెస్తాడులే అనుకుంది.

"డబ్బు గురించైతే సార్, కొంచెం కొంచెంగా కట్టొచ్చు."

"డబ్బు సంగతి నేనెత్తానా?" అని కసిరాడు. "ముందు ఇది చెప్పు. అక్టోబరులో పాత ఓడలో పాత స్టాఫే ఉంటారా, మారతారా?"

ఇదొక తలనొప్పి. ఓడలో పనిచేసేవాళ్లు ఆరేసి నెలలు చేసి, రెండేసి నెలలు సెలవు మీద దిగిపోతారు. ఎవరెప్పుడుంటారో కనుక్కున్నాకే ఈయన తేదీ ఖాయం చేస్తాడు. పోయినేడు తిట్టినవాళ్లనే మళ్లీ తిట్టకపోతే తోచదు కాబోలు. ఫోన్లు చేసి కనుక్కోవలసింది మాత్రం ఈమె.

"పాతవాళ్లే సార్. అందుకే వద్దంటున్నాను." అమ్మాయి చివరి అస్త్రం తీసింది. "అసలు సంగతి వినండి. ఈ కొత్త ఓడలో లౌడ్‌స్పీకరు నోరెత్తదు. ప్రమాదం వస్తే తప్ప. ఏ విశేషమున్నా కాగితం మీద అచ్చేసి గదిలో పెడతారు. వారం రోజులూ చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది."

పెద్దాయన ఒంటికాలి మీద లేచాడు.

"నిశ్శబ్దం కావాలని నిన్నెవరడిగారమ్మా? దానికోసం ఓడెక్కాలా? మా ఇంట్లో కావలసినంత ఉంది. పాత ఓడ. అదే గది. రాస్తావా, ఇంకో ఆఫీసుకి పోనా?"

"నాకు రాయొద్దు," అంది ఆవిడ. "ఈసారి నేను రాను. ఆ చీకటి గదిలో ఈయనొక్కరే కూర్చుంటారు."

"ఒక్కటే రాయి," అని ఆయన కార్డు విసిరాడు. అది బల్ల మీద జారి అమ్మాయి ఒళ్లో పడింది. ఆయన అద్దాల తలుపు తోసుకుని బయటికి పోయాడు.

అమ్మాయి ఆ కార్డు తీసి విసురుగా బల్ల మీద పడేసింది. మేనేజరు చీవాట్లు పెట్టినా సరే, ఈ మనిషికి టికెట్టు అమ్మేది లేదనుకుంది.

"ఎలా వేగుతున్నారాంటీ ఈయనతో? ఆ గదిలో ఏముందని?"

ఆవిడ అద్దంలోంచి బయటికి చూసింది. పెద్దాయన అటు తిరిగి, ఎండలో నిలబడి, కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆవిడ కొత్త పుస్తకం మూసి అమ్మాయి వైపు నెట్టింది.

"రెండు రాయి తల్లీ, పాత ఓడకే," అంది. "సాయంత్రం ఆ హాల్లో స్టేజీ మీద, పొద్దున్నే ఆ స్పీకరులో మాట్లాడేది మా అమ్మాయే, తొమ్మిదేళ్ల కిందట మళ్లీ గుమ్మం తొక్కొద్దని దాన్ని గెంటేసింది ఈయనే."