తప్పు గంట

తెనాలిలో పిల్లల కేంద్రం గుమ్మం పక్కన ఒక ఊరగాయ జాడీ ఉంటుంది. చెవికి పెట్టుకుంటే అడగక ముందే జవాబు ఊదే పంతులుపూస అనే చిన్న యంత్రాన్ని పిల్లలైనా పెద్దలైనా అందులో వేసే లోపలికి రావాలి. పూస లేకపోతే తప్పులొస్తాయి మరి. తప్పు చెప్పినవాళ్లు గంట కొడితే అందరూ చప్పట్లు చరుస్తారు, కేంద్రం నడిపే సువార్తక్క వేరుశెనగ ఉండ పెడుతుంది.

ఆ సాయంత్రం అక్కడ చదువుకునే హంసిని తల్లి మాధురి కూతురితో విసురుగా వచ్చి, పూస జాడీలో పడేసింది.

"ఇంట్లో దీన్ని ఏడెనిమిదులు ఎంతంటే యాభై నాలుగంది! పూస చెప్పబట్టి తప్పని తెలిసింది. రేపట్నుంచి దీన్ని పంపను."

సువార్తక్క ఆమెను కూర్చోబెట్టింది. మెల్లగా అడిగింది.

"మరి ఎంతమ్మా?"

మాధురి చెయ్యి అలవాటుగా చెవి మీదికి పోయింది. అక్కడేమీ లేదు.

"అరవై రెండు!" అంది గట్టిగా.

హంసిని చింతపిక్కలు వరసకు ఎనిమిది చొప్పున ఏడు వరసలు పేర్చి లెక్కపెట్టింది.

"యాభై ఆరమ్మా!"

పిల్లలంతా గంటవైపు చూశారు. మాధురి మొహం కందిపోయింది. అయినా లేచి వెళ్లి గంట కొట్టింది. చప్పట్లతో హాలు మారుమోగిపోయింది.

ఉండ కొరుక్కుంటూ ఆమె కూతురి పక్కన చాపమీద చతికిలబడింది.

"ఇంకో లెక్క అడగండక్కా."