బ్రేకు మీద నూనె

యావోర్ బైకు ముందు బ్రేకు మీద ఎవరో నూనె పోస్తున్నారు. ఆ ఎవరో తనతో పందేల్లో పోటీపడే స్తోయిలేనని యావోర్ ఊరంతా చాటేశాడు.

"బండి మీద నన్ను గెలవలేడు. అందుకే దొంగచాటుగా బండిని పాడుచేస్తున్నాడు," అన్నాడు బైకు క్లబ్బులో, రకియా సారా గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టి.

బాల్కన్ కొండల్లో జరిగే బైకు పందేల్లో యావోర్‌ది పెద్ద పేరు. పేరు కంటే నోరు ఇంకా పెద్దది. గెలిచినవాడిని చూస్తే, "అదృష్టం తోసింది, వెధవ అదే గెలుపనుకుంటున్నాడు," అనేవాడు. ఓడినవాడిని మేకలు కాసుకోమనేవాడు. ఏటవాలులో పడి చెయ్యి విరిగిన కుర్రాడిని స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే, "ఇక్కడ మీ అమ్మమ్మయినా దిగుతుందిరా, గుడ్ల బుట్ట చేత్తో పట్టుకుని!" అని నవ్వాడు.

ఈ వేసవిలో మాత్రం ఏ పందెంలోనైనా అతనిది ఒకటే కథ. కొండ ఎక్కడంలో అందరికంటే ముందుంటాడు. శిఖరం మీద కాసేపు ఆగి, బళ్లు సరిచూసుకుని, అవతలివైపు ఏటి లోయలోకి దిగాలి. సరిగ్గా ఆ దిగుడు మొదట్లోనే అతని ముందు బ్రేకు కొండంతా వినబడేలా కీచుమంటుంది. లివర్ గట్టిగానే ఉంటుంది, చక్రం మాత్రం ఆగదు. యావోర్ బండి పక్కకు తీసి, హెల్మెట్ నేలకేసి కొట్టి, పందెం నుంచి తప్పుకుంటాడు.

ఆ తర్వాత తిట్లన్నీ మెకానిక్ మెతోదికి. మెతోది అతని భార్యకు స్వయానా తమ్ముడు.

"ఒక్క బ్రేకురా! అదీ చేతకాకపోతే పోయి అడవిలో పుట్టగొడుగులు ఏరుకో."

"కొత్త ప్యాడ్లు వేశాను బావా. డిస్కు శుభ్రంగా కడిగాను. బ్రేక్ ఆయిల్ కూడా మార్చాను. అయినా విప్పి చూస్తే ప్యాడ్లు నూనెలో నానుతున్నాయి. అది బ్రేకు లోపలిది కాదు, చైనుకు వేసే నూనె. బయటినుంచే పోశారు."

"మరి ఎవడు పోశాడో నన్నడుగుతావేం? స్తోయిల్ అయినా అవ్వాలి, నీ దిక్కుమాలిన పనితనమైనా అవ్వాలి. ఏదో ఒకటి ఒప్పుకో."

మెతోది షెడ్డుకు బళ్లు రావడం తగ్గిపోయింది. మెతోది బ్రేకు బాగుచేస్తే చర్చి ఫాదర్‌కి చెప్పి మరీ బండెక్కాలని కుర్రాళ్లు పరాచికాలాడారు. స్తోయిల్‌ది రొట్టెల కొట్టు. పొద్దున్నే వరసలో నిలబడే ఆడవాళ్లు కొందరు ఎదురు కొట్టుకు మారిపోయారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే పందేల్లోంచి స్తోయిల్ పేరు కొట్టేస్తామని క్లబ్బు పెద్దలు తేల్చి చెప్పారు.

స్తోయిల్ యావోర్‌ను పైనుంచి కిందికి చూసి, "నీ బ్రేకు అరుపు కంటే నీ అరుపే ఎక్కువగా ఉంది. ముందు కిందికి దిగి చూపించు, తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

"దిగనిస్తే కదా!" అన్నాడు యావోర్. క్లబ్బంతా అతని పక్షానే తలూపింది.

సెప్టెంబరు పందెం రోజున బళ్లు శిఖరం మీద ఆగగానే, మెతోది అందరి ముందూ బావ బండి బ్రేకు విప్పాడు. ప్యాడ్లు తుడిచి, డిస్కు మెరిసేలా కడిగి బిగించాడు. "నీళ్లు తెస్తా," అని గట్టిగా చెప్పి, వెనకనుంచి తిరిగొచ్చి, బైకు పక్కనే ఆపిన తన వ్యాను కింద బోర్లా పడుకున్నాడు. దొంగను మెడ పట్టుకుని బావ ముందు నిలబెట్టాలి. బావ నోటితోనే ఇంతకాలం తిట్టినందుకు తప్పయిందనిపించాలి. అంతకు మించి అతనికేమీ వద్దు.

ముందుగా స్తోయిల్ వచ్చాడు. బైకు దగ్గర ఆగి ముందు చక్రం వైపు వంగాడు. మెతోది పిడికిలి బిగుసుకుంది. స్తోయిల్ నోట్లోని పొద్దుతిరుగుడు గింజల పొట్టు పక్కకు ఉమ్మి, "ఈసారైనా ఏడవకే తల్లీ," అని బైకుతో చెప్పి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మెతోదికి నీరసం వచ్చింది. అంతలోనే మళ్లీ అడుగులు వినిపించాయి. బురద కొట్టుకున్న బూట్లు. వ్యాను కిందనుంచి అంతవరకే కనిపిస్తోంది. ఆ మనిషి అటూ ఇటూ తిరిగి, చక్రం పక్కన, బండి చాటున గొంతుకూర్చున్నాడు. గ్లవ్సు తొడిగిన చెయ్యి నూనె డబ్బా మూతిని డిస్కు మీదికి వంచింది.

మెతోది పాక్కుంటూ బయటికొచ్చి ఆ మణికట్టు ఒడిసిపట్టాడు.

"దొరికావురా దొంగ వెధవా!"

మనిషి తలెత్తాడు. మెతోది చెయ్యి తనంతట తానే వదులైపోయింది.

"బావా?"

యావోర్ నూనె డబ్బాను వెనక్కి దాచబోయాడు. ఇంత పెద్ద నోరు మూతపడటం మెతోది ఎన్నడూ చూడలేదు.

"ఎవరికి అమ్ముడుపోయావు బావా? స్తోయిల్‌కేనా? నా షెడ్డు మూయించి, అతన్ని దొంగను చేసి, ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారా?"

"ఛీ, ఆ రొట్టెలవాడితోనా?"

మెతోదికి ఒళ్లు మండిపోయింది. జేబులోంచి కొత్త ప్యాడ్లు తీశాడు. "సరే. ఎవరితో అయితే నాకేం! ఇప్పుడే మార్చేస్తా. డిస్కు తుడిచేస్తా. జెండా ఊపేలోగా నీ బ్రేకు కొత్త బండి బ్రేకులా పట్టుకుంటుంది. ఎక్కి పో."

అవతల ఒక్కో ఇంజనూ అందుకుంటోంది. యావోర్ లోయ వైపు చూడలేక, బావమరిది చేతిలోని ప్యాడ్లను రెండు చేతులతో గట్టిగా కప్పేశాడు.

"వద్దురా మెతోదీ, నీకు దండం పెడతాను... బ్రేకు బాగుంటే నేను దిగాలి కదరా!"