తీసేసిన నలభై సెకన్లు

తిరుపతిలో రవిచంద్ర స్టూడియో తలుపు తోసుకుని ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, అందులో నాదస్వరం.

"నాట్లపాట రికార్డు చేస్తా ఉండారంట కదప్పా. మధ్యలో రవ్వంత నేను వాయిస్తా."

"ఎవరు పంపినారు పెద్దాయనా?"

"ఎవురూ పంపలేదు. మాది వడమాలపేట. నా పేరు గోవిందస్వామి."

ఆ చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడుకునే పాట అది. ఎవరు కట్టారో తెలియదు. మధ్యలో కీబోర్డు చాలనుకున్నాడు రవిచంద్ర. కానీ పనిగట్టుకుని వచ్చిన మనిషిని పొమ్మనలేక మైకు ముందు కూర్చోబెట్టాడు.

గోవిందస్వామి నలభై సెకన్లు వాయించాడు. ఒకే టేకు.

ఆ వెంటనే చరణం ఎత్తుకోవలసిన గాయని లోహిత ఎత్తుకోవడమే మరచిపోయింది.

వారం తర్వాత పాట విడుదల చేసే కంపెనీ నుంచి ఫోను వచ్చింది.

"రెండున్నర నిమిషాలు దాటకూడదు. ఆ నాదస్వరం తీసెయ్యండి."

"చాలా బాగుందండీ అది."

"బాగుంటే ఏం లాభం? వాయిద్యం మొదలవగానే జనం ఇంకో పాటకు పోతున్నారు."

రవిచంద్ర తీసేశాడు. తర్వాత కంప్యూటర్లో చోటు చాలక పాత ఫైళ్లు చెరిపేసినప్పుడు ఆ నాదస్వరం అసలు రికార్డింగూ పోయింది.

పాట వచ్చిన రోజు గోవిందస్వామి ఫోను చేశాడు.

"పాట ఇన్నా నాయనా. నాది యాడుండాది?"

"తీసేసినాం తాతా. ఇప్పుడు వినేవాళ్లకు అంత ఓపిక లేదు."



"సరేలే. ఆ పాప బాగా పాడింది. నేను సెప్పినానని సెప్పు."

పాట ఊరూరా మోగింది. చిత్తూరులో స్టేజి మీద పాడమని పిలుపు వచ్చింది.

"చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునేదానికి కూడా చోటు లేదన్నా. ఆ తాతను పిల్చుకుని వద్దాం" అంది లోహిత.

ఇద్దరూ వడమాలపేట వెళ్లారు. గోవిందస్వామి వాళ్లను చూసి నవ్వాడు. నోట్లో ఒక్క పన్నూ లేదు.

"చిగుళ్లు చెడిపోయి పండ్లన్నీ పీకించుకున్నాడు" అంది ఆయన భార్య సుబ్బులమ్మ. "డాక్టరు ఎప్పుడో పీకాలన్నాడు. మీ కాడ వాయించినాకనే అని ఆపుకోనుండె. ఇంక ఊదలేడు."

రవిచంద్ర ఆయన పక్కన కూర్చున్నాడు.

"తాతా, ఆ ముక్క నువ్వు యాడ నేర్చుకున్నావు? నేర్పినాయన ఉంటే ఆయన్నయినా అడుగుతాం."

గోవిందస్వామి తల అడ్డంగా ఊపాడు.

సుబ్బులమ్మే చెప్పింది. "నేర్సుకునేది యాడిదబ్బా? మా పెండ్లయిన ఏడు ఈయనే సొంతంగా కట్టి ఊరి తేరు ముందర వాయించినాడు. నాట్లేసే ఆడోళ్లు అది ఇని మాటలు పెట్టుకుంటే, మీరు పాడే పాటయింది."