తాటిమట్టల మీది ముడులు

జ్యేష్ఠ బహుళ పంచమి, మంగళవారం. మబ్బు కమ్మింది, ఆకు కదలడం లేదు.

"నా మొదలు చెదలు తినేశాయి నాయనా. ఈసారి గాలివానకు ఆగను," అంది తాటిచెట్టు.

ముసలి గిజిగాడు తలెత్తి మట్టల వైపు చూశాడు. ఆ మట్టల నిండా గిజిగాళ్లు సరదాకి అల్లిన ముడులు వేలాడుతున్నాయి. గూడు అవసరం, ముడి వేడుక. ఈ తేడా కాకులకు ఎన్నడూ ఎక్కలేదు, అది వేరే సంగతి. ఎవరి ముడి చూసి నేర్చుకున్నా, తనదొకటి అల్లి అక్కడ వేలాడదీసి పోవడం వాళ్ల ఆచారం. అలా ఎన్నో తరాలవి పోగయ్యాయి.

"అందమైనవి ఆ పక్క తుమ్మచెట్టుకు చేరుద్దాం బావా. ఈ చిక్కుపడ్డవి ఎందుకు, దండగ!" అన్నాడు పొరుగు గిజిగాడు.

"ఆహా! పోయినేడు నీ గూడు మూడుసార్లు ఊడిపడితే, ముడి ఎక్కడ జారుతోందో దేన్ని చూసి తెలుసుకున్నావోయ్?"

పొరుగువాడు ఒక చిక్కుముడిని ముక్కున కరుచుకున్నాడు.

సాయంత్రం దాకా మోశారు. అందరివీ అయ్యాక తనవి తెచ్చుకుందామనుకున్నాడు ముసలి గిజిగాడు. అంతలో గాలి లేచింది, ఆ ముడులతో సహా చెట్టు కూలింది.

అందమైన ముడులూ చిక్కుముడులూ అల్లిక నేర్చే పిట్టలన్నిటికీ దక్కాయి. కూలిన మాను పుట్టగొడుగులకు దక్కింది. తండ్రి పోయాక, ఆయన ముడి ఒక్కటైనా ఉంటుందేమోనని తుమ్మకొమ్మలన్నీ వెతికిన ముసలి గిజిగాడి కొడుక్కి మాత్రం ఏమీ దక్కలేదు.