గోవర్ధన్ నడక

రాజమణి లుంగీ ఎగ్గట్టి నాలుగడుగులు వేసేసరికి స్టూడియో అంతా గొల్లుమంది.

ఎడమకాలు ఈడుస్తూ, భుజం వంచి, మాట్లాడే ముందు చెవి గోక్కునే మొగుడి వేషం అది. యాభై దాటాక టీవీలోకి వచ్చిన మనిషి ఆమె. జగిత్యాల మహిళా సంఘాల సభలో ఎమ్మార్వోనీ, బస్సు కండక్టర్‌నీ అనుకరిస్తుంటే ఒక ఛానెల్ వాళ్లు చూసి హైదరాబాదు పిలిపించారు. ఏడాది తిరక్కుండానే సిరిసిల్ల రాజమణిని ఎరగని ఇల్లు లేదు. నవ్వితే కనిపించే ముందుపంటి సందు కూడా జనానికి ముద్దే.

ఆ పన్ను ఎలా పోయిందో ఆమె ఎక్కడా చెప్పలేదు.

"ఈ నడక ఎక్కడ పట్టారమ్మా?" అని డైరెక్టర్ అడిగాడు.

"మా ఆయనది సారూ. సచ్చిపోయి శానేండ్లయింది. గీ ఏషం కట్టినంతసేపు బతికున్నట్టే అనిపిస్తది."



పని దొరకని నేతగాళ్లంతా మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు వలసపోయే రోజుల్లో గోవర్ధన్ సిరిసిల్లలోనే మరమగ్గం నడిపేవాడు. నక్సలైటు అన్నలకు అన్నం పెట్టాడని పోలీసులు వెతకడం మొదలుపెట్టగానే మాయమయ్యాడు. అడవిలో కలిశాడన్నారు. స్టేషన్‌కు రాజమణిని పిలిచారు. మొగుడెక్కడున్నాడో ఆమెకు నిజంగానే తెలియదు. ఆ మాట ఎవరూ నమ్మలేదు. పన్ను అక్కడే ఊడింది.

తర్వాత కోరుట్ల దగ్గర ఎన్‌కౌంటర్ జరిగింది. శవాలను గుర్తుపట్టడానికి తల్లినీ పెళ్లాన్నీ తీసుకుపోయారు. అత్త ముత్తవ్వ ఒక శవం మీద పడి, "నా కొడుకే, నా గోవర్ధనే" అని గుండెలు బాదుకుంది. రాజమణి దగ్గరికి పోబోతే పట్టి ఆపింది.

"అద్దు బిడ్డా, సూడలేవు. మొకమే లేదు."

ఆ రోజుతో పోలీసుల రాక ఆగిపోయింది.

పుట్టింటివాళ్లు మరో సంబంధం చూశారు. ముత్తవ్వ కోడలి చేతులు పట్టుకుంది. "నువ్వు గూడ పోతే నాకెవలున్నరు?" అని ఏడ్చింది. రాజమణి ఉండిపోయింది. బీడీలు చుట్టి అత్తను పోషించింది. కళ్లకు శుక్లాలొస్తే కరీంనగర్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించింది. చిన్నప్పటి నుంచీ ఎవరిని చూస్తే వాళ్లలా మాట్లాడి నవ్వించే మనిషి, ముండమోసినది నవ్వుతున్నదని లోకం అంటుందని నోరు కట్టేసుకుంది. ఆ నోరు మళ్లీ తెరుచుకునేసరికి తల నెరిసింది.

మొగుడి వేషం టీవీలో వచ్చే ఆదివారం సాయంత్రం, సిరిసిల్లలో వాడకట్టు ఆడవాళ్లంతా రాజమణి ఇంట్లో టీవీ ముందు చేరారు. ముత్తవ్వను కూడా తెచ్చి కూచోబెట్టారు. తెర మీద లుంగీ వేషం రాగానే పక్కింటి సత్యవ్వ తొడ చరిచి నవ్వింది.

"అచ్చం మన గోవర్ధనే గదనే!"

ముత్తవ్వ ముఖం మాడిపోయింది. అందరూ వెళ్లేదాకా ఊరుకుని, తలుపు మూసి వచ్చింది.

"నా కొడుకు కాలు సూపెట్టి లోకమంత నవ్విపిస్తున్నవ్. నీకు శరం లేదానే?"

రాజమణి తనను తానే నిలదీసుకుంది. నిజమే, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎదుట ఇలా చేయొచ్చునా? ఆయన్ను బతికించుకుంటున్నాననుకుంది. అమ్ముకున్నానేమో. ఆయనకే ద్రోహం చేశానేమో. వంగి ముసలామె కాళ్లు పట్టుకుంది.

"తప్పయింది అత్తమ్మా. నాకు గదొక్కటే యాదికున్నది, గందుకే కట్టిన. నీకు బాధయితే రేపే బందు పెడ్త. టీవీనే ఇడిసిపెడ్త."

"ఇప్పుడు బందు పెడితే ఏం లాభం? అయ్యేదంత అయిపాయె."

"ఏమైంది అత్తమ్మా? పోయిన మనిషిని తలుసుకుని నలుగురు నవ్విండ్రు, గంతే గదా."

ముత్తవ్వ కాళ్లు విదిలించుకుంది.

"గంతేనా? భీవండిల ఆని పెండ్లాం పిల్లలు గూడ గిదే సూస్తుండ్రు, ఆళ్ల ముంగట నా కొడుకు తల ఎట్ల ఎత్తుకుంటడే?"